చెక్కల వెనక రాతిగోడ

"మధ్యాహ్నం భోజనం వేళకల్లా ఆ ఫెర్గస్ చేతులకి బేడీలు పడాలి లోగన్ గారూ. మీకేమైనా అభ్యంతరమా?"

సూపరింటెండెంట్ థార్లీ చలికి అరచేతులు రుద్దుకుంటూ అడిగాడు. ఇన్‌స్పెక్టర్ లోగన్‌కి అభ్యంతరమే. కానీ ఎదురు చెప్పడానికి చేతిలో ఏమీ లేదు. అందుకని జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు.

ఇద్దరూ ఆర్డ్‌బ్రే భవనం హాల్లో మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. సోమవారం తెల్లవారుజామున ఇంటి యజమాని ఆర్చీ మెల్‌డ్రమ్ శవం ఇక్కడే దొరికింది. ఎనభై దాటిన మనిషి. తల వెనక గాయం. లోగన్ ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే పుట్టి పెరిగినవాడు. పెద్దాయన చేతి ఆపిళ్ళు తిన్నవాడు, ఆ చెట్టెక్కినందుకు తిట్లూ తిన్నవాడు. థార్లీ అలా కాదు. పెద్దాయనకి ఎప్పుడో పోయిన భార్య తరఫు మేనల్లుడు, ఈ ఇంట్లోనే ఉంటున్న జూలియన్ ఎవరికో ఫోన్ చేస్తే, ఎడింబరో నుంచి ఆఘమేఘాల మీద దిగిన ఇంగ్లీషు అధికారి.

"చెప్తా వినండి" అన్నాడు థార్లీ. "ఆదివారం రాత్రి ఎనిమిదీ నలభై. మేడ మీద ఆయన గదిలో పెనుగులాట. గోడ గడియారం అదిరి ఆగిపోయింది. ఫెర్గస్ బయటి గోడ చెక్కలు పట్టుకుని ఎక్కాడు, కిటికీలోంచి దూరాడు, ముసలాయన్ని మెట్ల మీంచి తోశాడు, వచ్చిన దారినే పోయాడు. కిటికీ బార్లా తెరిచే ఉంది. శనివారం ఇద్దరూ గొంతులు చించుకుని అరుచుకున్నారని ఊరంతా చెబుతోంది. ఆదివారం సాయంత్రం ఎక్కడున్నావురా అంటే నోరు విప్పడు. ఇంకేం కావాలండీ మీకు?"

"రక్తం."

"ఏమిటీ?"

"తల అంత పగిలింది. ఈ రాళ్ళ మీద రక్తం ఏదీ?"

"వంటావిడ కడిగేసి ఉంటుంది."

"ఎఫీ అమ్మా? అయ్యగారి శవాన్ని అలా వదిలేసి నేల కడుగుతుందా? ఆవిడ మీకు తెలీదు సార్."

"నాకు తెలియాల్సిన పనీ లేదు" అన్నాడు థార్లీ. "చలి నా ఎముకల్లోకి ఎక్కింది. మీ దేశంలో వెచ్చగా ఉండేది విస్కీ ఒక్కటే. పదండి, ఆ గోడ కూడా చూసేసి ఈ తతంగం ముగిద్దాం."

ఫెర్గస్ వడ్రంగి. ఈ ఇంటి బయటి చెక్కలు బాగుచెయ్యడానికి పదిహేను రోజులుగా వస్తున్నాడు. వంటావిడ ఎఫీకి అక్క కొడుకు. తల్లి పోతే ఆవిడే పెంచింది. ఇప్పుడు గుర్రాల కొట్టంలో కానిస్టేబులు కాపలాలో కూర్చుని ఉన్నాడు. లోగన్ పొద్దున్న వాడితో అరగంట మాట్లాడాడు. ఆ బూట్లకంటిన బురద, కోటుకి పట్టిన చేపల వాసన చూస్తేనే సంగతి బోధపడింది. ప్రార్థన రోజున, పిన్ని చర్చిలో కీర్తనలు పాడుతుంటే, వీడు ఏట్లో దొంగతనంగా చేపలు పడుతున్నాడు. ఉరికంబం ఎక్కమన్నా ఎక్కుతాడు కానీ ఆ మాట పిన్ని చెవిన పడనివ్వడు. వెధవ, నిక్షేపంలాంటి పిల్లాడు.

బయట గోడ కింద నిలబడి థార్లీ తల పైకెత్తాడు. తెల్లటి సున్నం గోడ మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నల్లటి దూలాలు. ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తు. మెలికలు తిరిగిన ఎర్ర ఇటుకల పొగగొట్టాలు. సీసపు తీగల్లో బిగించిన చిన్న చిన్న అద్దాల కిటికీలు.

"ఆహా! ట్యూడర్ రాజుల నాటి పనితనం. మా ఇంగ్లండులో తప్ప ఇలాంటిది చూడలేదు. నిచ్చెన అక్కర్లేదు, ఈ దూలాలే మెట్లు!"

"రాజుల నాటిది కాదు సార్. ముప్పై ఏళ్ళ కిందటిది" అన్నాడు లోగన్. "ఆర్చీ గారు ఇంగ్లండు పిల్లని చేసుకున్నారు. ఆవిడ పుట్టింటి మీద బెంగపెట్టుకుని తిండి మానేసింది. మా ఇల్లు ఇలా ఉండేది, అలా ఉండేది అని ఒకటే కలవరింత. మరి ఆవిడ పుట్టిల్లు ఇక్కడికి నడిచి రాదు కదా. ఈయనే కట్టించాడు."

చెబుతూనే లోగన్ ఎడంకాలు ఎత్తి ఒక అడ్డచెక్క మీద పెట్టి, మెల్లగా బరువు మోపాడు. చెక్క కిర్రుమంది. మేకుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. బొటనవేలంత మందం కూడా లేదు. దూలం కాదు, గోడకి కొట్టిన పలక.

"ఎక్కండి మరి" అన్నాడు లోగన్, పలకని థార్లీ చేతిలో పెట్టి. "ఫెర్గస్ వీటిని రెండు వారాలుగా చూస్తున్నాడు. వీటి మీద పిల్లి కూడా నిలవదని వాడికి తెలీదంటారా?"

థార్లీ ముఖం గంటు పెట్టుకున్నాడు. "అయితే నిచ్చెన తెచ్చాడు."

"ఆదివారం సాయంత్రం దాకా వాన. కింద పూలమడి చూడండి. పిట్ట కాలిగుర్తయినా ఉందా?"

"అయితే తలుపులోంచే వచ్చాడు! మీరు ఎన్ని పిల్లిమొగ్గలు వేసినా ఆ కిటికీ తెరిచి ఉందన్న సంగతి మారదు. దొంగ తప్ప ఇంత చలిలో కిటికీ ఎవడు తెరుస్తాడు?"

లోగన్ గోడ దగ్గరికి వంగాడు. పలక ఊడిన చోటికేసి చూస్తూ ఉండిపోయాడు. సున్నం పెళ్ళ కూడా రాలిపోయి, దాని వెనక బూడిదరంగు రాయి కనబడుతోంది. పాత రాయి, నాచు మరకలతో. ఆర్చీ పాత ఇంటిని పునాదులతో సహా కూలగొట్టించాడని ఊళ్ళో ప్రతి ఒక్కరూ నమ్మారు. లోగన్ కూడా నమ్మాడు. ఆర్చీ తమ్ముడు హెక్టర్ అయితే ఆ కోపంతోనే ఓడెక్కి పోయాడు. తిరిగి వచ్చి గేటు పక్కన చిన్నింట్లో ఉంటున్నా, ఆ ముప్పై ఏళ్ళూ అన్నతో పలకలేదు. ఈ గోడ మాత్రం అలాగే ఉంది. దాని మీద, సరిగ్గా ఆ తెరిచిన కిటికీ ఉంది.

"శనివారం దెబ్బలాట దేని మీద సార్?" అన్నాడు హఠాత్తుగా.

"ఏవో చెక్కలు పుచ్చిపోయాయి, ఈ గోడ మీదవన్నీ పీకేస్తానన్నాడట ఫెర్గస్. ముసలాయన ఈ గోడ జోలికొస్తే చంపేస్తానన్నాడట. అయితే ఏమిటి?"

"ఏం లేదు. పన్నెండు దాకా నాకు వదిలెయ్యండి."

"పన్నెండు. ఒక్క నిమిషం ఎక్కువ కాదు."

*

మేడ మీద గదిలో ఎఫీ చలిమంట ముందు ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయాయి. లోగన్‌ని చూడగానే ఏప్రన్‌తో ముఖం తుడుచుకుంది.

"కూర్చో నాయనా. టీ తేనా? ఓట్స్ రొట్టె ఉంది."

"తర్వాత తింటానమ్మా. ముందు ఆ కిటికీ వెయ్యవూ? గాలికి కొట్టుకుంటోంది. థార్లీ గారు నిన్న కిందామీదా పడ్డారు, ఆయన వల్ల కాలేదు."

లోగన్ కూడా ప్రయత్నించాడు. గదిలో మిగతా కిటికీలు వట్టి అలంకారం. అద్దాలు చట్రంలోనే బిగించేశారు, తెరుచుకోవు. వాటి అంచులు అరచెయ్యి లోతు. ఈ ఒక్క కిటికీ మాత్రం మూరెడు మందం గోడలో, గూడులా ఉంది. గడియ కొలిమిలో సాగగొట్టిన పాత ఇనుము. లాగాడు, తోశాడు, తిప్పాడు. ఊహూఁ.

ఎఫీ వచ్చి గడియని కొంచెం పైకెత్తి, అరచేతి అంచుతో ఎడమకి ఒక్క దెబ్బ వేసింది. కిటికీ బుద్ధిగా మూసుకుంది.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?"

"అయ్యగారు. తియ్యడానికైనా వెయ్యడానికైనా ఇదొక్కటే కిటుకు. ఇంట్లో ఇంకెవరికీ తెలీదు, అమ్మగారిక్కూడా చేతకాలేదు. వాళ్ళమ్మ ఇలాగే వేసేదిట."

లోగన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారం ముల్లు ఎనిమిదీ నలభై దగ్గర ఆగి ఉంది. గాజు పగల్లేదు. లోలకం వంకర పోలేదు. ఎవరో తలుపు తీసి, వేలితో లోలకాన్ని ఆపి, మళ్ళీ తలుపు వేశారు.

"గడియారం ఎవరు ఆపారు?"

"నేనే" అంది ఎఫీ గబుక్కున. "కిటికీ తీసిందీ నేనే. మనిషి పోతే ఆ వేళకి గడియారం ఆపి, కిటికీ తియ్యమూ? ప్రాణం బయటికి పోవడానికి దారి ఇవ్వాలి కదా. ఆ ఇంగ్లీషాయనకి చెబితే నవ్వుతాడని చెప్పలేదు."

"నువ్వు ఆదివారం రాత్రి దారంతా బురదని పాదరీ గారింట్లోనే పడుకున్నావు. సోమవారం ఆరింటికి వచ్చావు, ఆరున్నరకి మాకు ఫోన్ చేశావు."

"అవును నాయనా."

"మరి నువ్వు ఆపితే గడియారం ఆరు చూపించాలి కదమ్మా."

ఎఫీ ఏప్రన్ అంచుని వేళ్ళకి చుట్టుకుంది. లోగన్ ఆవిడ చేతులకేసి చూశాడు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఈ చేతులే కట్టు కట్టాయి. ఆ చేతుల్ని పట్టుకున్నాడు.

"ఫెర్గస్ చేశాడనుకున్నావు, అంతే కదూ?"

అంతే, ఆవిడ దుఃఖం కట్టలు తెంచుకుంది. "ఇంకెవరనుకోను నాయనా? పొద్దున్న వచ్చేసరికి అయ్యగారు మెట్ల కింద. పైకొస్తే కిటికీ తీసుంది, గడియారం ఆగుంది. ఇంట్లో ఉన్న జూలియన్ బాబుకి ఇవేం తెలుసు? పదింటికి ఊళ్ళో హోటల్లో భోంచేసి వచ్చి, వెనకవైపు మెట్లెక్కి తిన్నగా పడుకున్నానన్నాడు. మన ఆచారం తెలిసినవాడు, ఇంట్లో తిరిగేవాడు ఫెర్గస్ ఒక్కడే. కోపంలో తోసేసి ఉంటాడు, తర్వాత గుండె ఆగక కిటికీ తీసి ఉంటాడు అనుకున్నా. వాడు నా చేతుల్లో పెరిగిన పిల్లాడు. నేనే తీశానంటే వాడి మీదకి రాదేమోనని..."

"వాడు ఏట్లో చేపలు పడుతున్నాడమ్మా."

"ప్రార్థన రోజునా?" ఏడుపు టక్కున ఆగిపోయింది. "ఇంటికి రానీ, వాడి వీపు చీరేస్తాను!"

"తప్పకుండా చీరుదువుగాని. ముందు ఇంటికి రానిద్దాం" అన్నాడు లోగన్ నవ్వాపుకుంటూ. "ఫెర్గస్‌కి ఈ గడియ సంగతి తెలీదన్నావు. మరి వాడెలా తీస్తాడు?"

ఎఫీ గడియకేసి చూసింది. లోగన్‌కేసి చూసింది. ఆవిడ ముఖంలో రెండు రోజుల తర్వాత నెత్తురు చుక్క కనబడింది.

"ఇంకో మాట. జూలియన్ ఏం చేస్తున్నాడు?"

"నిన్నట్నుంచీ నా వంటింటి అలమరాలన్నీ బోర్లించాడు నాయనా. విస్కీ సీసా కావాలిట. ఎన్నడూ ముట్టడు, టీ తప్ప. దుఃఖంలో ఉన్నాడు పాపం అనుకున్నా."

లోగన్ లేచాడు. ఆ గడియ ఎత్తడం తెలిసినవాడు, ఎఫీ కాక, ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాళ్ళమ్మ అలా వెయ్యడం చూస్తూ పెరిగిన రెండో కొడుకు.

*

గేటు పక్క ఇంటి తలుపు చాలాసేపు తడితే కానీ తెరుచుకోలేదు. హెక్టర్ మెల్‌డ్రమ్ గడ్డం గీసుకోలేదు. నల్లకోటు వేసుకుని ఉన్నాడు.

"లోగన్ పిల్లాడివా? రా అబ్బాయ్. ఎవరికీ తలుపు తియ్యకూడదనుకున్నాను. నువ్వు కాబట్టి తీశా."

బల్ల మీద సీసా, రెండు గ్లాసులు. హెక్టర్ ఒకదాన్లో పోసి లోగన్ ముందు పెట్టాడు. చావు ఇంట్లో పోసిన గ్లాసు కాదంటే పోయినవాణ్ణి అవమానించినట్టు. డ్యూటీలో ఉన్నానని చెప్పే మొహం లోగన్‌కి లేదు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"కిటికీ మీరే తీశారు కదూ, హెక్టర్ గారూ?"

ముసలాయన తల దించుకున్నాడు. "నేనే."

ఆయన సీసా పక్కకి జరిపి చెప్పసాగాడు. "ఆదివారం మధ్యాహ్నం గేటు దాకా వచ్చి కేకేశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత! ఒరే మొండివాడా, నేను చచ్చేలోపు నీకొకటి చూపించాలి, ఆ కుర్రాడు చెక్కలు పీకితే ఊరందరికంటే ఆఖర్న నీకు తెలుస్తుంది, రా అన్నాడు. చీకటి పడ్డాక వెళ్ళాను. తీసుకెళ్ళి ఆ కిటికీ ముందు నిలబెట్టాడు. అమ్మ కిటికీ! అమ్మ పోయిన రోజున మేమిద్దరం కలిసి తీసిన కిటికీ. ఆ గోడ ముట్టుకోనివ్వలేదురా, పైన నా పెళ్ళాం కోసం చెక్కలు కొట్టించాను, లోపల అమ్మని అలాగే ఉంచాను అన్నాడు. ముప్పై ఏళ్ళు నేను ఆ చెక్కలు చూసి పళ్ళు కొరికాను అబ్బాయ్. వాటి వెనక ఏముందో ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. వాడూ అంతే, చెబితే తన పరువు పోతుందనుకున్నాడు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చాం."

లోగన్ గ్లాసు పెదాల దాకా తెచ్చి, వినడానికి ఆగాడు.

"రేపు ప్లీడరుని పిలిపిస్తాను, ఇల్లు ఇద్దరిదీ అని రాయిస్తాను అన్నాడు. ఇల్లంతా తనకే వస్తుందనుకుంటున్న ఆ జూలియన్‌కి శనివారమే చెప్పేశాట్ట. కబుర్లలో పడ్డాం. ఉన్నట్టుండి నిద్రొస్తోందిరా అన్నాడు. నా చెయ్యి పట్టుకునే కుర్చీలో కళ్ళు మూశాడు. నిద్రే అనుకున్నాను. చూస్తే ఊపిరి లేదు. సంతోషం పట్టలేక గుండె ఆగిందనుకున్నా. కిటికీ తీశాను, గడియారం ఆపాను. కాళ్ళ మీద శాలువా కప్పి వచ్చేశాను. ముప్పై ఏళ్ళు పలకనివాణ్ణి, నేను ఏడిస్తే ఎవరు నమ్ముతారు? పొద్దున్న ఎఫీ వచ్చి కుర్చీలో చల్లగా నిద్రపోతున్నట్టు చూస్తుందిలే అనుకున్నాను."

"కుర్చీలోనా?"

"కుర్చీలోనే. ఏం?"

"ఆర్చీ గారు మెట్ల కింద దొరికారు. తల పగిలి."

హెక్టర్ రంగు మారిపోయింది. "నా అన్ననా? చచ్చినవాణ్ణి ఎవరు మోశారు? ఎందుకు?"

అందుకే రక్తం లేదు. చచ్చినవాడికి గాయం చేస్తే రక్తం కారదు. మెట్ల మీంచి పడి చచ్చాడంటే ఏ డాక్టరూ కడుపులో విషం ఉందేమోనని వెతకడు. లోగన్ తన గ్లాసుని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఆ రాత్రి ఏమైనా తాగారా మీరు?"

"నేను యుద్ధం నుంచి వచ్చాక ఒట్టు పెట్టుకున్నాను, ముట్టను. వాడే తాగాడు. కొత్త సీసా, శనివారం రాత్రి జూలియన్ ఇచ్చాట్ట. నువ్వు తాగకపోతే నీ వంతు కూడా నేనే తాగుతా, రాజీ అన్నాక రెండు గ్లాసులూ ఖాళీ అవ్వాలి అని నవ్వాడు. మిగిలింది నా జేబులో కుక్కాడు, ఎవరైనా వస్తే పొయ్యమని."

"ఆ సీసా ఎక్కడుంది?"

"ఇదే. నీ చేతిలో ఉన్నది అందులోంచి పోసిందే."

లోగన్ గ్లాసుని బల్ల మీద పెట్టాడు. రెండు చుక్కలు ఒలికాయి. హెక్టర్ ఆ చుక్కల్ని చూశాడు. అర్థమవడానికి క్షణం పట్టింది.

"నా వంతు కూడా..." అన్నాడు. "నా వంతు కూడా వాడే తాగాడు."

ఆయన రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. లోగన్ ఆ చేతుల మీద తన చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

బయట కంకర మీద అడుగుల చప్పుడు. తలుపు మీద మృదువుగా తట్టారు.

"హెక్టర్ గారూ, జూలియన్‌ని. నిన్న కూడా వచ్చాను, మీరు తలుపు తియ్యలేదు. మామయ్య వస్తువేదో మీ దగ్గర ఉండిపోయిందేమోనని..."

వెనకాలే థార్లీ గొంతు. "లోగన్! లోపలున్నారా? పన్నెండయింది!"

లోగన్ లేవబోయాడు. హెక్టర్ ఆపాడు. కళ్ళు తుడుచుకుని, కోటు సర్దుకుని, వెళ్ళి తలుపు తీశాడు. "రండి బాబూ, కూర్చోండి" అన్నాడు. రెండో గ్లాసు నింపి, జూలియన్ ముందుకి జరిపాడు.

"మా అన్న ఇచ్చిన సీసా. చావు ఇంట్లో కాదనకూడదు."

జూలియన్ సీసాని చూశాడు. ముఖాన చిరునవ్వు అలాగే ఉంది, రంగే లేదు. "క్షమించండి, నాకు అలవాటు లేదు."

"అయ్యో, పెద్దాయన మనసు కష్టపెడతారా?" అన్నాడు థార్లీ చలికి వణుకుతూ. "ఈ ఆచారం ఒక్కటీ నాకు నచ్చింది. ఇలా ఇవ్వండి, మీ తరఫున నేను తాగుతాను."

గ్లాసు ఎత్తాడు. లోగన్ కుర్చీలోంచి లేచి చెయ్యి చాచాడు. కానీ అతనికంటే ముందే జూలియన్ థార్లీ మణికట్టు మీద కొట్టాడు. గ్లాసు గోడకి తగిలి ముక్కలైంది.

"వద్దు! తాగొద్దు!"

థార్లీ తడిసిన చేతిని, జూలియన్ ముఖాన్ని, బల్ల మీద సీసాని మార్చి మార్చి చూశాడు.

హెక్టర్ జూలియన్ దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పిల్లాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"ఎందుకు తాగకూడదు నాయనా?"